కొయ్యకు దాహం

గురువారం రాత్రి తొమ్మిదింటికి
టైర్ల దుకాణం షట్టరు సగం దించి
ఫిదెన్సియో లోపల్నుంచి కేకేస్తాడు:
వంగి రండి, నడుములింకా వంగేవాళ్ళంతా.

షికాగోలో జనవరి.
గాలి చెవులు కోసి చేతికిస్తోంది.
లోపల రబ్బరు వాసన, హీటరు బుస,
గోడకి చేరగిలబడ్డ మా తరీమా:
తలుపంత చెక్కవేదిక, అడుగున బోలు.
రైల్లో తెచ్చిన రోజు
శవపేటికా? అనడిగాడు గార్డు.
కాదు బాబూ, డోలు,
కాళ్ళతో వాయించేది, అన్నాడు ఎలెవుతేరియో.

పాటకి ముందు జరానాలకి తడి పెట్టాలి.
ఒక్క దేవదారు దుంగని తొలిచి చేసిన
బక్కపలచని గిటార్లు ఇవి.
వెరాక్రూస్ ఉక్కలో పుట్టి
ఇక్కడి పొడివేడికి పెళుక్కున విచ్చుకుంటాయి.
సబ్బుపెట్టె మూతకి చిల్లులు పొడిచి
లోపల తడిగుడ్డ కుక్కి
ఒక్కోదాని పక్కన ఒక్కోటి ఉంచుతాం,
జ్వరమొచ్చిన మనిషి తలాపున మరచెంబులా.

పెద్ద జరానా వీపున ఒక బీట.
రెండేళ్ళ కింద క్రిస్మస్ హడావిడిలో
గుడ్డ తడపడం మర్చిపోయింది నేనే.
ఎలెవుతేరియో తిట్టలేదు.
బీట పొడవునా బొటనవేలు జరిపి
ఇదీ ఇక్కడిదైపోయింది, అన్నాడంతే.
తిట్టి ఉంటే బాగుండేది.

నేను వాయించేది గాడిద దవడ.
నవ్వకండి, నిజం దవడే, పళ్ళతో సహా.
పిడికిలితో ఒక్కటిస్తే వదులు పళ్ళన్నీ గలగలమంటాయి,
పుల్లతో గీస్తే గొణుగుతుంది.
పగలంతా హోటళ్ళ దుప్పట్లుతికే ఫ్యాక్టరీలో
నాతో ఎవరికీ మాట పనుండదు.
రాత్రి ఇది నా వంతు కూడా వాగుతుంది.

మొన్నొక పెళ్ళికి పిలిచారు.
హాలు మేనేజరు మమ్మల్ని ఎగాదిగా చూసి
పెద్ద టోపీలేవి? బాకాలేవి? అన్నాడు.
అవి వేరేవాళ్ళవి,
మాది దోమల సీమ, ఆకుటోపీలు చాలు, అని
ఎంత మర్యాదగా చెప్పినా
సగం డబ్బే చేతిలో పెట్టాడు.
సగమే పాడదామమ్మా, అని గొణిగింది మా యరేలి.
సగంలో ఎక్కడ ఆపాలో తెలిస్తే కదా!
తెల్లారేదాకా తిరగేసుకునే పాటలు మావి.
వంటింట్లో గిన్నెలు తోమే కుర్రాడొకడు
చేతులైనా తుడుచుకోకుండా వచ్చి తరీమా ఎక్కాడు.
నీదే ఊరని ఎవ్వరం అడగలేదు.
మడమలే చెప్పేశాయి.
నురగ చుక్కలు ఎగిరొచ్చి
నా గాడిద పళ్ళ మీద పడ్డాయి.

యరేలికి పంతొమ్మిది.
ఫోన్లో చూసి నేర్చిన అడుగులు, ఫోన్లో విన్న పాదాలు.
పాతదే పాడితే నువ్వు టేపువి,
ఇవాళ నీకేమైందో అది కట్టు, అంటాడు ముసలాయన.
నది గురించి కట్టమన్నాడు ఈసారి.
సీతాకోకల పేరున్న నది, ఆయన ఈతకొట్టినది.
ఇది ఫొటోలోనైనా సరిగ్గా చూడనిది.
మూతి ముడుచుకుని కాసేపు నేల గీరి,
ఉన్నట్టుండి అందుకుంది:

అరవయ్యో నంబరు బస్సెక్కినాను
అద్దాన మంచంత గోకి చూశాను
నదియేది తాతయ్యా, కానరాలేదు
నా బూటు కింద అది ఊరుకోలేదు

ఎవరూ మాట్లాడలేదు.
శ్రుతిలో ఉన్న తీగనే
ఎలెవుతేరియో మళ్ళీ శ్రుతి చేశాడు, రెండుసార్లు.
తర్వాత గొంతు సవరించుకుని
రెండో పాదం కుంటుతోంది, అన్నాడు.
మళ్ళీ పాడు, అన్నాడు.
పాడింది. కుంటుతూనే ఉంది.
మళ్ళీ.

ఈ వారం బీట పడ్డ జరానా మా ఇంట్లో.
స్నానాల గదిలో వేడినీళ్ళు వదిలి
ఆవిట్లో కొక్కేనికి తగిలించి
పక్కనే ముక్కాలిపీట మీద కూర్చున్నాను.
యరేలి తలుపు బాదుతోంది, నీళ్ళ బిల్లట.
చెమ్మకి తీగలు ఒక్కోటే వదులై
శ్రుతి దిగిపోతోంది.
దిగనీ.
గురువారం బిగించుకుంటాం.